ఏబది ఆవర్తనముల ఒడంబడిక

మోటారు కొన్న ప్రతి గృహస్థును దానికి తగిలించిన రేకుబిళ్ళను చూచియే యుండును. గుర్రపుశక్తి యింత, వోల్టేజి యింత, నిమిషమునకు తిరుగు చుట్లిన్ని యని అందు చెక్కబడి యుండును. ఆ లెక్కల నడుమ ఒక మూల 50 అను సంఖ్యయు నుండును. గద్వాల చేలలోని బోరుమోటారునందును, వనపర్తి బియ్యపుమిల్లునందును, నాగర్‌కర్నూలు పిండిగిర్నియందును తక్కిన యంకెలు మారునుగాని ఈ యొక్క యంకె మారదు. మోటారు వెల యెంతయని బేరమాడినవారు, ఎన్ని గుర్రముల శక్తియని విచారించినవారు గలరు. ఈ 50 యేమి, యెవరు నిర్ణయించిరి, ఏల నిర్ణయించిరి యని అడిగినవారు అరుదు. అది అడుగవలసిన ప్రశ్నయే యని మా యభిప్రాయము. ఏలనన, ఈ సంఖ్య చరిత్రలో మన జిల్లాల నీటికిని, పైరునకును, మన కర్తవ్యమునకును సంబంధించిన పాఠ మొకటి యిమిడియున్నది.

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు ఏటినీటివలె ఒకే దిక్కునకు పారునది కాదు; ఊయలవలె ముందునకును వెనుకకును ఊగునది. ఒకసారి ముందునకేగి, వెనుకకు వచ్చి, మొదటి స్థితికి చేరుట ఒక ఆవర్తనము. సెకండునకు జరుగు ఆవర్తనముల సంఖ్యయే పౌనఃపున్యము. హెర్ట్జు లని శాస్త్రజ్ఞులు చెప్పునవి ఇవియే. విద్యుత్తును పుట్టించు యంత్రము తిరుగు వేగమునకును, అందలి అయస్కాంత ధ్రువముల సంఖ్యకును ఇది కట్టుబడి యుండును. నిమిషమునకు తిరుగు చుట్లను ధ్రువముల సంఖ్యచే గుణించి 120చే భాగించినచో పౌనఃపున్యము వచ్చును. రెండు ధ్రువముల యంత్రము 50 ఆవర్తనముల నీయవలెనన్న నిమిషమునకు 3,000 చుట్లు తిరుగవలెను. ఈ చిన్న లెక్క జ్ఞాపకముంచుకొన్నచో తక్కిన కథ తేటపడును.

ఈ 50 ప్రకృతి విధించిన సంఖ్య కాదు. నూటముప్పది సంవత్సరములకు పూర్వము పాశ్చాత్యదేశములలో ఒక్కొక్క కంపెనీ తనకు తోచిన పౌనఃపున్యమును వాడుచుండెను. అమెరికాలో తొలిదినముల దీపములకు 133 పైచిల్లర ఆవర్తనములు వాడిరి. దీపములు మాత్రమే వెలిగింపవలసినంత కాలము అది బాగుగనే యుండెను. మోటారులు వచ్చినతోడనే చిక్కు వచ్చినది. పౌనఃపున్యము తగ్గిన దీపము మినుకుమినుకుమనును. హెచ్చిన నాటి మోటారులకు సరిపడదు, దూరపు తీగెలలో అవరోధము పెరుగును. దీపము హెచ్చు సంఖ్యను కోరగా, మోటారు తక్కువ సంఖ్యను కోరెను. ఈ యిద్దరు బిడ్డల తగవును తీర్చుటకై ఇంజనీర్లు చేసిన రాజీయే నేటి ప్రమాణములు.

ఆ రాజీ యెట్లు కుదిరెనో తెలియుటకు నయాగరా జలపాతము నొద్ద జరిగిన సంగతి చాలును. 1895లో అక్కడి కేంద్రము పనిచేయ నారంభించెను. అచ్చటి నీటిచక్రములు నిమిషమునకు 250 చుట్లు తిరుగునట్లు ముందే నిర్ణయమైపోయెను. 16 ధ్రువములు పెట్టవలెనని యంత్రములు చేయు కంపెనీవారనిరి. 33 పైచిల్లర ఆవర్తనములు వచ్చును. 8 ధ్రువములు చాలునని సలహాదారు పట్టుపట్టెను. 17కు కొంచెము తక్కువగ వచ్చును. తుదకు 12 ధ్రువములని రాజీపడిరి. 25 ఆవర్తనములు వచ్చెను. వేదవాక్యమువలె దశాబ్దములు నిలిచిన 25 అను ప్రమాణమునకు మూలము ఇద్దరి నడుమ కుదిరిన ఈ సర్దుబాటు మాత్రమే! జర్మనీలో 1891లో లౌఫెన్ నుండి ఫ్రాంక్‌ఫర్టునకు 175 కిలోమీటర్ల దూరము విద్యుత్తును పంపినపుడు 40 ఆవర్తనములు వాడిరి. ఆ వేగమున దీపము మినుకుమనుచుండుటచే ఏ.ఇ.జి. కంపెనీవారు 50నకు పెంచిరి. అమెరికాలో వెస్టింగ్‌హౌసువారు 60ని ఎన్నుకొనిరి. యూరపుఖండమున జర్మను యంత్రములు వ్యాపించినంత మేర 50, అమెరికా యంత్రములు వ్యాపించినంత మేర 60 నిలిచెను. ప్రమాణమును స్థిరపరచినది శాస్త్రముకంటె సరకు అమ్మకము.

ఒక్క దేశముననే రెండు సంఖ్యలు నిలిచినచో నేమగునో జపానును చూచి తెలిసికొనవచ్చును. 1895లో తోక్యో నగరమునకు జర్మను యంత్రములు 50 ఆవర్తనములతో వచ్చెను. 1897లో ఒసాకాకు అమెరికను యంత్రములు 60 ఆవర్తనములతో వచ్చెను. ఒక దేశము, ఒక భాష, ఒక ప్రభుత్వము; కాని విద్యుత్తు రెండు ముక్కలు. 2011 మార్చి 11వ తేదీన భూకంపమును, సముద్రపు పొంగును సంభవించి తూర్పుభాగమున విద్యుత్కేంద్రములు మూతపడినపుడు, పడమటనున్న విద్యుత్తు పొరుగుననే యుండియు చేతికందలేదు. ఒక పౌనఃపున్యమును మరియొకదానికి మార్చు కేంద్రముల శక్తి యంతయు కలిపి సుమారు 1,000 మెగావాట్లు మాత్రమే. నూరేండ్లకు పైబడిన ఇద్దరు వర్తకుల యెంపికకు ఒక మహానగరము చీకటి రూపమున వెల చెల్లించెను.

ఇంగ్లాండునం దంతకంటె గందరగోళముండెను. 1904లోనే 50ని ప్రమాణముగ ప్రకటించినను లెక్కచేసినవారు కొద్ది. 1918 నాటికి ఒక్క లండనులోనే 70 విద్యుత్సంస్థలును, 10 పౌనఃపున్యములును, 24 వోల్టేజిలును ఉండెను. వీధి మారిన దీపమును మార్చుకొనవలసిన దుస్థితి. 1926లో శాసనము చేసి, దేశమంతటికి ఒక్క గ్రిడ్డును నిర్మింప బూనిన తరువాతనే 50 స్థిరపడినది. న్యూకాసిల్ ప్రాంతము 40 ఆవర్తనములతో చక్కగ నడచుచుండియు, ఉమ్మడి మేలుకొరకు తన యంత్రములను మార్చుకొనవలసి వచ్చెను.

మన దక్షిణాపథమున విద్యుత్తు తొలుత పెద్దపనికి వినియోగింపబడినది 1902లో. మైసూరు సంస్థానమువారు కావేరిపై శివసముద్రమునొద్ద కేంద్రమును కట్టి, 147 కిలోమీటర్ల దూరమునగల కోలారు బంగారుగనులకు విద్యుత్తును పంపిరి. ఆ గనులలో చెమటోడ్చినవారిలో తెలుగు కూలీలెందరో గలరు. ఆ విద్యుత్తు నయాగరావలెనే 25 ఆవర్తనములది. యంత్రములు అమెరికానుండి వచ్చినవి గదా! పిదప బ్రిటిషువారి ప్రమాణము ననుసరించి దేశమంతట 50 వ్యాపించెను. స్వాతంత్ర్యానంతరము 1956 నాటి విద్యుచ్ఛక్తి నియమావళియు దీనినే స్థిరపరచెను.

ఇచ్చట స్వాభిమానముగల పాఠకు డొక ప్రశ్న వేయవచ్చును: పరాయివారు తెచ్చిన సంఖ్యను మనమేల మోయవలెను? ఈ ప్రశ్న తగినదే. సమాధానము మన నడిగడ్డ పెద్దల యనుభవములోనే యున్నది. నిజాము రాజ్యమున హాలీసిక్కా చెల్లుచుండగా, తుంగభద్ర కావల కర్నూలులో బ్రిటిషువారి కల్దారు చెల్లుచుండెను. గద్వాల వర్తకుడు ఏటిని దాటినప్పుడెల్ల షరాబునకు బట్టా చెల్లించి నాణెమును మార్చుకొనవలసి వచ్చెడిది. హాలీ మంచిదా, కల్దారు మంచిదా యనునది ఆతని బాధ కాదు. రెండుండుటయే ఆతని బాధ. పౌనఃపున్యమును అట్టిదే. 50లో దివ్యత్వమును లేదు, దాస్యమును లేదు. 60 నెన్నుకొన్న దేశములును మనకు తీసిపోలేదు, మనకు మించిపోలేదు. సంఖ్య యేదైనను అందరును ఒక్కదానికి కట్టుబడుటలోనే దాని విలువ. పరాయివారి యెంపికను మార్చుట స్వాతంత్ర్యము కాదు. ఒప్పుకొన్న సంఖ్యను స్వయముగ నిలుపుకొనగలుగుటయే స్వాతంత్ర్యము. ఈ పరీక్షలో మనము చిరకాలము తప్పితిమని ఒప్పుకొనక తప్పదు.

నిలుపుట యనగా నేమి? విద్యుత్తును గాదెలో ధాన్యమువలె నింపి దాచుట సులభము కాదు. పుట్టిన క్షణముననే ఖర్చు కావలెను. పుట్టినదానికంటె వాడకము హెచ్చినచో కేంద్రములలోని యంత్రములపై బరువు పెరిగి వాటి వేగము తగ్గును; వేగము తగ్గిన పౌనఃపున్యము తగ్గును. వాడకము తగ్గినచో అది పెరుగును. కనుక ఈ 50 అను సంఖ్య చెరువుకట్ట కడ నాటిన కొలబద్ద వంటిది. వనపర్తి సంస్థానమునాటి రంగసముద్రము క్రింద సేద్యము చేసిన కుటుంబములవారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. తూము నీరడి చేతిలో నుండును. వంతు తప్పి ఒకడు మడవ తీసినచో ఆతనికి కలిగిన లాభమెంతయో గాని, తోక ఆయకట్టుకు నీరు చేరదు. విద్యుత్తునందు ఆయకట్టు దేశమంతయును. ఒకడు దొంగిలించినది పొరుగువాని పొలములో మాత్రమే గాక, ఒక్క క్షణములో అందరి పొలములలోను తక్కువై కనబడును.

1990వ దశకమున దక్షిణాదిన జరిగినది ఇదియే. ఒక్కొక్క రాష్ట్రము తనకు కేటాయించినదానికంటె హెచ్చుగ లాగెడిది. తక్కువ పడినదానిని అడిగినవారు లేరు. తిలాపాపము తలా పిడికెడు. పౌనఃపున్యము 48 దరిదాపులకు దిగుట నిత్యకృత్యమైపోయెను. రెండు ఆవర్తనములు తగ్గిన నేమియని తోచవచ్చును. లెక్కచూడుడు. 48 అనగా వేగము నూటికి 4 వంతులు తగ్గుట. పంపు నీటిని ఎత్తగల యెత్తు వేగపు వర్గము ననుసరించి మారును గనుక నూటికి 8 వంతులు తగ్గును. నీరు పైననే యున్న బావికి ఇది పెద్ద నష్టము కాదు. కాని వందల అడుగుల లోతునకు బోరు దింపిన పాలమూరు రైతునకు, పంపు శక్తియంతయు ఎత్తుటకే సరిపోవుచుండగా, ఆ 8 వంతులే పైరునకు ప్రాణము. విద్యుత్తుతో నడచు గోడగడియారము దినమునకు సుమారు 58 నిమిషములు వెనుకబడును. పౌనఃపున్యము ఇంకను దిగినచో థర్మల్ కేంద్రములలోని టర్బైను రెక్కలు అదరి చెడిపోవును. అందుచే ఒక హద్దు దాటగానే అవి తమంత తాము విడిపోవును, విడిపోగా మిగిలినవాటిపై బరువు పెరుగును, అన్నియు కూలిపోవును.

దీనికి మందు హితబోధలో దొరకలేదు, వెలలో దొరకినది. 2003 జనవరి 1వ తేదీనుండి దక్షిణప్రాంతమున నూతనపద్ధతి యమలు జరిగెను. పౌనఃపున్యము తగ్గియుండగా వంతునకు మించి లాగినవారు హెచ్చువెల నీయవలెను. ఆ సమయమున హెచ్చుగ పుట్టించి యిచ్చినవారికి హెచ్చువెల వచ్చును. దొంగతనముగ తూము తెరచుట నష్టమైనపుడు తూములు మూతపడినవి. క్రమక్రమముగ హద్దును బిగించుచు, నేడు 49.90కిని 50.05కిని నడుమ నుండవలెనని నియమమేర్పరచిరి. ఒకప్పుడు రెండేసి ఆవర్తనములు జారినచోట నేడు ఆవర్తనములో పదవవంతునకు విచారించుచున్నారు.

అయినను చాలకాలము దక్షిణాది గ్రిడ్డు వేరుగనే యుండెను. సంఖ్య ఒక్కటియే, లయ ఒక్కటి కాదు. ఉత్తరాది గ్రిడ్డుతో నేరుగా తీగెలు కలుపుటకు వీలులేక, చంద్రాపురమునొద్ద భద్రావతిలోను, విశాఖపట్టణమునొద్ద గాజువాకలోను మార్పిడి కేంద్రములను, తాల్చేరునుండి కోలారునకు ఏకముఖ విద్యున్మార్గమును నిర్మించిరి. షరాబు బట్టా వంటి యేర్పాటులే యివి. 2013 డిసెంబరు 31వ తేదీన 7,65,000 వోల్టుల రాయచూరు–షోలాపురము మార్గము ప్రారంభమై దక్షిణాది గ్రిడ్డు తక్కిన భారతదేశముతో ఏకలయలో కలిసినది. రాయచూరు మన గద్వాలకు పరాయిచోటు కాదు. రెండును కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఒకే అంతర్వేదిలోనివి. కన్యాకుమారి మొదలు కాశ్మీరము వరకు ఒక్క లయగ నడచుటకు వేసిన ముడి మన యింటి పెరటిలో పడినదని చెప్పవచ్చును.

దీనిపై నొక యాక్షేపణ గలదు. దానిని దాచుట మా పద్ధతి కాదు. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి, 60 కోట్లకు పైబడిన ప్రజలు నివసించు ప్రాంతము చీకటిలో మునిగెను. దక్షిణాదికి ఆ యాపద అంటలేదు. వేరుగ నుండుటచే బ్రతికితిమి. కలిసి ఏల చెడవలెనని కొందరనిరి. వారి భయము నిరాధారము కాదు. కాని చిన్నపడవకు తాకిన అల పెద్దనావను కదలింపజాలదు. వేరుగ నుండగా ఒక పెద్ద కేంద్రము నిలిచిపోయిన దక్షిణాది యంతయు కంపించెడిది. నేడు ఆ లోటును దేశమంతయు పంచుకొనును. పొరుగున విద్యుత్తు మిగిలియుండియు మార్గము చాలక కోతలు పడవలసిన దుస్థితియు తగ్గినది. కలయికలో అపాయము కలయికవలన రాదు, క్రమశిక్షణ లేమివలన వచ్చును. 2012 నాటి పతనమునకు కారణములలో వంతునకు మించి లాగుటయు నొకటి.

ఈ క్రమశిక్షణ మన మూడు జిల్లాలకు ముఖ్యము. ఏలనన మనము విద్యుత్తును వాడువారమే కాము, పుట్టించువారము కూడ. గద్వాలయొద్ద జూరాలలో 39 మెగావాట్ల యంత్రములు ఆరు, వనపర్తి జిల్లా ఆత్మకూరు ప్రాంతమున దిగువ జూరాలలో 40 మెగావాట్లవి ఆరు, నాగర్‌కర్నూలు జిల్లా అడవులలో శ్రీశైలము ఎడమగట్టున 150 మెగావాట్లవి ఆరు గలవు. నీటియంత్రము నిమిషములలో బరువు నెత్తుకొనును, నిమిషములలో దింపుకొనును. పౌనఃపున్యము జారునపుడు పట్టుకొను చేయి యిదియే. 2020 ఏప్రిల్ 5వ తేదీ రాత్రి దేశమంతట తొమ్మిది నిమిషములు దీపములు ఆర్పినపుడు వాడకము హఠాత్తుగ సుమారు 31,000 మెగావాట్లు పడిపోయెను. అయినను పౌనఃపున్యము 49.70కిని 50.26కును నడుమనే నిలిచెను. దానిని నిలిపినవాటిలో జలవిద్యుత్కేంద్రములు ప్రధానములు. ఆ సంవత్సరమే ఆగస్టు 20వ తేదీ రాత్రి శ్రీశైలము ఎడమగట్టు కేంద్రమున అగ్నిప్రమాదము జరిగి తొమ్మండుగురు మరణించిరి. ఈ సంఖ్యను నిలుపునవి యంత్రములు మాత్రమే కావు, మనుష్యులు గూడ నని మనము మరువరాదు.

వాడకమును నానాట పెద్దదగుచున్నది. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకై కొల్లాపురము ప్రాంతమున నార్లాపూరునొద్ద నిలిపిన పంపు ఒక్కొక్కటి 145 మెగావాట్లది. అందు మొదటిది 2023 సెప్టెంబరు 16వ తేదీన నీరెత్తినది. 1920లో స్థాపితమైన హైదరాబాదు హుస్సేనుసాగరు కేంద్రము శక్తి మొత్తము 22.5 మెగావాట్లు. అనగా నాడు రాజధానికి వెలుగునిచ్చినదానికి ఆరురెట్లు మించిన శక్తిని నేడు మన కొండల నడుమ ఒక్క పంపు కోరుచున్నది. ఆనాటి చిన్నగ్రిడ్డు అట్టి పంపును తాకనైన జాలదు. దేశమంతయు ఒక్క లయగ నుండుటచేతనే కృష్ణాజలము ఎత్తునకెక్కి మెట్టపొలములకు రాగలదను ఆశకు తావు కలిగినది.

కనుక మా మనవి యిద్దరికి. ప్రభుత్వములకు చెప్పునదేమన, ఎన్నికలు వచ్చినను, ఎండలు ముదిరినను, వంతునకు మించి లాగుట రైతుసేవ కాదు. రేపటి రైతునకు అపకారము. ఎత్తిపోతల పంపులను నడపు వేళలను గ్రిడ్డు ఓర్చుకొను వేళలతో సరిచూచి ముందుగ ప్రకటింపవలెను. యంత్రములు పుట్టించు జిల్లాలలోని పల్లెలకు మంచి విద్యుత్తు నందించుట వారి ఋణము. జూరాల కాంతి దూరనగరములకు పోయి, గట్టుక్రింది పల్లెలో ట్రాన్స్‌ఫార్మరు కాలి వారముల తరబడి పడియుండుట న్యాయము కాదు.

రైతుసోదరులకు, భూస్వాములకు చెప్పునది మరియొకటి. 2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణమున సేద్యమునకు ఇరువదినాలుగు గంటల ఉచితవిద్యుత్తును ఆరంభించిరి. వెలలేనిది విలువలేనిదని తలంపరాదు. విద్యుత్తు పోయి తిరిగి వచ్చినతోడనే మోటారును తిప్పు ఆటోస్టార్టరులను తొలగింపవలెనని నాడే కోరిరి. అందులకు కారణము గలదు. మోటారు కదలునపుడు నడచునప్పటికంటె అయిదారు రెట్లు విద్యుత్తును లాగును. ఫీడరుమీది మోటారులన్నియు ఒక్క క్షణమున లేచినచో వోల్టేజి కూలును, ట్రాన్స్‌ఫార్మరు కాలును. అట్టి ఫీడర్లు వేలకొలది కలిసినచో ఆ కుదుపు గ్రిడ్డునకును తగులును. నీరు పారినను పారకున్నను రాత్రింబవళ్ళు తిరుగు బోరు మొదట ఎండగొట్టునది పొరుగువాని బోరును, తరువాత తన బోరును. ఊరందరిదొక దారి ఉలిపికట్టెదొక దారి యన్న సామెత విద్యుత్తునం దక్షరాల నిజము. తేడా యేమన, ఇక్కడ ఉలిపికట్టె ఊరును గూడ ఈడ్చుకొనిపోవును.

ఈ 50 అను సంఖ్యను ఎన్నుకొన్ననాడు మనలను అడిగినవారు లేరు. నీటిచక్రపు వేగమును, దీపపు మినుకును, కంపెనీల లాభమును, పరపాలకుల సౌకర్యమును కలిసి దానిని మన యింటికి తెచ్చెను. కాని నేడు దానిని నిలుపువారము మనము. సెకండునకు ఏబదిసార్లు ఈ దేశము తన ఒడంబడికను తిరిగి వ్రాసికొనుచున్నది. అందు జూరాల యంత్రమును, నార్లాపూరు పంపును, మీ చేనిలోని అయిదు గుర్రముల మోటారును సమానముగ చేవ్రాలు చేయుచున్నవి. ఈసారి స్విచ్చి వేయుటకు పోయినపుడు ఆ రేకుబిళ్ళను ఒక్కసారి చూడుడు. అది వర్తకుడు చెక్కిన అంకె కాదు; పొరుగువానికి మీరిచ్చిన మాట.